క్రాసింగ్ అయిపోయాక

మంగళవారం.

సీడ్ పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి చేలల్లో క్రాసింగ్ (పువ్వులకు చేత్తో పుప్పొడి రుద్దే పని) ముగిసింది, పత్తి తీత ఇంకా జోరందుకోలేదు. గద్వాల వైపు ఊళ్లలో పిల్లల్ని బడికి మళ్లించడానికి దొరికే సందు ఇదే. క్రాసింగ్ సీజన్లో వెళ్లి “వారానికి రెండ్రోజులైనా పంపండమ్మా” అంటే పని తెలియనట్టే. ఇవాళ మొగ్గ ఒలిచి కేసరాలు తీసేస్తారు, రేపు పొద్దున మగ పువ్వు పుప్పొడి దానికి రుద్దాలి. ఆ పూట తప్పితే ఒలిచిన మొగ్గలన్నీ రాలిపోతాయి. “అడ్వాన్సు తీసుకున్నం సార్, ఎట్ల పంపాలె?” అనే తల్లి మాట సాకు కాదు.

బడిలో పేరు ఎక్కించడం పది నిమిషాల పని. టీసీ రావడం ఆలస్యమైనా, వయసు కాగితం లేకున్నా చేర్చుకోవాల్సిందేనని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. చిక్కంతా ఆధార్‌తో. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఇప్పుడే సరిచేయించకపోతే పదో తరగతి మెమో దగ్గర బయటపడుతుంది.

పన్నెండేళ్ల పిల్లని చదవడం రాదని మూడో తరగతిలో కూర్చోబెడితే వారంలో మానేస్తుంది, సిగ్గుతో. వయసుకు తగ్గ తరగతిలోనే పేరు ఉండాలి. వెనకబడ్డ చదువుకు ప్రత్యేక శిక్షణ కనీసం 3 నెలలు, అవసరమైతే 2 ఏళ్ల దాకా ఇవ్వొచ్చు. ముందుగా ఏది వచ్చో చూడాలి. కూలి లెక్క నోటితో తడుముకోకుండా చెప్పే పిల్ల, మూడువందల ఐదు రాయమంటే 3005 అని రాస్తుంది. లెక్క రాక కాదు, స్థానం తెలియక. పుల్లల కట్టలతో వందలు, పదులు, ఒకట్లు విడదీసి చూపిస్తే త్వరగానే పట్టుకుంటుంది. తెలుగులో గుణింతాలు వచ్చినా వత్తుల దగ్గర ఆగిపోతుంది, అక్కడ మాత్రం తొందరపెట్టకూడదు.

చేరిన మొదటి పదిహేను రోజులే గండం. గైర్హాజరైతే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లాలి, మర్నాటికి వాయిదా వేస్తే చేలో ఉంటుంది. యూనిఫారం కొలతలు బడి తెరిచినప్పుడే తీసేసుకుంటారు కాబట్టి నడిమధ్యలో వచ్చిన పిల్ల రంగు గౌనుతో వేరుగా కనిపిస్తుంది. పాత జత ఒకటి ముందే అడిగి పెట్టుకోవాలి.

రేపు నేను వెళ్లే ఇంట్లో అడగాల్సింది: బడికి రాని పిల్ల చిన్న తమ్ముణ్ణి ఎవరు చూసుకుంటున్నారు? వాడికి మూడేళ్లు నిండితే ముందు అంగన్‌వాడీలో వాడి పేరు రాయించాలి. అక్కని బడిలో చేర్చే సంగతి ఆ తర్వాతే.