కరెంటు అనే మాట దగ్గరే దెబ్బతిన్నాను

మొదటిసారి జూనియర్ లైన్‌మెన్ పరీక్ష రాసొచ్చి కీ చూసుకుంటే, లెక్కలన్నీ కరెక్టు, తేలిక బిట్లు తప్పు. కరెంటు బిల్లులో యూనిట్ దేన్ని కొలుస్తుంది అంటే నేను పెట్టింది విద్యుత్ ప్రవాహం. అసలు జవాబు శక్తి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, 36 లక్షల జౌళ్లు. ఫార్ములా నోటికొచ్చు, అయినా 'కరెంటు బిల్లు' అన్న మాట చూడగానే చెయ్యి కరెంటు మీదికే పోయింది.

మనం ఇంట్లో అన్నిటికీ ఒకటే మాట వాడతాం. కరెంటు పోయింది అంటే సప్లై. కరెంటు ఎక్కువ కాలుతోంది అంటే శక్తి. మా నాన్న "కరెంటు తక్కువొస్తోంది, మోటారు ఆపు" అంటే అది వోల్టేజీ. ఇక్కడే అసలు తిరకాసు. వోల్టేజీ పడిపోయినప్పుడు, లోడు మీదున్న మోటారు ఇంకా ఎక్కువ ఆంపియర్లు, అంటే అసలైన కరెంటు, లాగుతుంది. వైండింగ్ కాలేది అందుకే. అంటే నాన్న తక్కువ అన్నప్పుడు నిజానికి కరెంటు పెరిగి ఉంటుంది! ఇది అర్థమైన రోజు పుస్తకం మూసి చాలాసేపు నవ్వుకున్నాను.

రెండోసారి చదివేటప్పుడు మాటల పుట్టుక కూడా చూశాను. కరెంటుకు మూలం లాటిన్‌లో పరుగెత్తడం అనే అర్థమున్న మాట. పరిగెత్తేది విద్యుదావేశం, అంటే ఛార్జ్. దాని కొలత కూలుంబు, సెకనుకు ఒక కూలుంబు దాటితే ఒక ఆంపియర్. ఆ నిర్వచనం మళ్లీ మర్చిపోలేదు. మనల్ని ఏడిపించే కరెంట్ అఫైర్స్‌లోనిదీ ఈ మాటే, ఇప్పుడు నడుస్తున్నవి అని.

విద్యుత్ అంటే సంస్కృతంలో మెరుపు. ఎలక్ట్రిసిటీది వేరే దారి: గ్రీకులో ఎలెక్ట్రాన్ అంటే అంబర్, రాయిలా గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురు. రుద్దితే తేలికైన వాటిని లాగుతుంది. 1600లో విలియం గిల్బర్ట్ అలా లాగే వస్తువులకు దాని పేరుతోనే లాటిన్ మాట కట్టాడు. జీకే కోసం ఇంతకన్నా లోతుకు పోకండి, టైం వేస్టు.

నా నోట్సులో ఒక పేజీకి నాలుగు గళ్లు గీశాను: ఆంపియర్, వోల్టు, వాట్, యూనిట్. రోజూ ఇంట్లో ఎవరు 'కరెంటు' అన్నా అది ఏ గడిలో పడుతుందో రాసేవాణ్ని. వారం తిరిగేసరికి ఆంపియర్ గడిలో పడింది ఒక్కటే, అమ్మకు గ్రైండర్ దగ్గర కొట్టిన షాకు.