విడిభాగాలు తెప్పించే ముందు బండి అసలు ఏడాదిని తేల్చుకోవడం

అనంతపురంలో బైకు సామాను కోసం ఏ స్పేర్‌పార్ట్స్ దుకాణానికి వెళ్ళినా కౌంటరు వెనుక నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఏ మోడల్, సార్?" అన్నదే. మనలో చాలామంది ఆర్‌సీ మీద ఉన్న రిజిస్ట్రేషన్ తేదీ చూసి ఏడాది చెప్పేస్తారు. ఆర్‌సీ చేతిలో లేకపోతే నంబరు ప్లేటు సిరీస్‌ను బట్టి ఒక అంచనా చెబుతారు. ఆ జవాబును నమ్మి ఆర్డరు పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడ దొరకని భాగం బెంగళూరు జేసీ రోడ్డు నుంచి పార్సిల్‌లో రావాలి; అందులోనూ ఎలక్ట్రికల్ సామాను ఒకసారి పెట్టె విప్పాక వెనక్కి తీసుకునే దుకాణదారులు అరుదు. తప్పు ఎవరిదైనా నష్టం మాత్రం బండి యజమానికే.

రిజిస్ట్రేషన్ తేదీ బండి రోడ్డెక్కిన రోజును చెబుతుందే తప్ప తయారైన రోజును చెప్పదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి డీలరు గోడౌనులో నెలల తరబడి ఉండిపోవచ్చు. బళ్ళారిలో కేఏ 34 నంబరుతో కొన్నేళ్ళు తిరిగి, అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ)తో సరిహద్దు దాటి, ఇక్కడ కొత్తగా ఏపీ 02 నంబరు వేయించుకున్న బండిని ప్లేటు చూసి అంచనా వేస్తే అన్నేళ్ళూ తేడా వస్తుంది. 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక ఆ పొరపాటుకు మరింత ఆస్కారం ఏర్పడింది. సైన్యం వేలం వేసిన బుల్లెట్లయితే ఎన్నో ఏళ్ళు కొలువు చేసిన తరువాతనే మొదటిసారి మామూలు రిజిస్ట్రేషనుకు వస్తాయి కనుక, వాటి ఆర్‌సీలోని తేదీకీ ఇంజను వయసుకూ పొంతనే ఉండదు. ఆర్‌సీలో తయారైన నెల, ఏడాది వేరుగా రాసి ఉంటాయి. చూడవలసింది ఆ గడిని. అయితే అది కూడా ఎవరో టైపు చేసినదే కాబట్టి, నేను దానిని బండి మీద ఉన్న అంకెలతో సరిచూసుకున్న తరువాతనే నమ్ముతాను.

ఈ తేడా బాగా దెబ్బతీసేది 2017 బండ్ల విషయంలో. పొగ కాలుష్యానికి పెట్టిన పాత ప్రమాణమైన బీఎస్ 3 బండ్లను ఏప్రిల్ 1 నుంచి అమ్మరాదని ఆ ఏడాది మార్చి 29న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇవ్వడంతో, మిగిలిన రెండు రోజుల్లో షోరూములు భారీ తగ్గింపులు ప్రకటించి చేతిలో ఉన్న సరుకును వదిలించుకున్నాయి. అప్పుడు కొన్న బండ్ల ఆర్‌సీలలో 2017 అనే ఉంటుంది, కానీ వాటిలో 2016లో తయారైనవి కూడా ఉన్నాయి. ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బండ్లకు బీఎస్ 4తో పాటు, ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. అందుకోసం కుడి హ్యాండిల్ మీద లైటు ఆర్పే స్విచ్చును తీసేశారు. కమలానగర్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఆ మార్చి చివరి రోజుల్లో కొన్న బండికి కుడి స్విచ్ సెట్టు పాడైతే, దుకాణంలో "2017 మోడల్" అని చెప్పి తెప్పించుకున్నాడు. వచ్చినదానిలో లైటు స్విచ్చు ఉండవలసిన చోట నున్నటి ప్లాస్టిక్కు తప్ప ఏమీ లేదు. వైర్లను కలిపే కప్లరు కూడా పాత వైరింగుకు సరిపోలేదు. దుకాణంవారు వెనక్కి తీసుకోలేదు. "ఆర్‌సీలో 2017 అనే ఉంది కదన్నా" అని వాడు నా దగ్గర వాపోయాడు. ఫ్రేము మీద గుద్ది ఉండే ఛాసిస్ నంబరు చూస్తే, ఏడాదిని చెప్పే పదో స్థానంలో జి ఉంది, అంటే అది 2016 బండి. ఆ నంబరు పంపి మళ్ళీ అడిగితే సరైన స్విచ్ సెట్టు వచ్చింది.

2020 బండ్లదీ ఇదే కథ. ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అమలులోకి రావడంతో చాలా బండ్లలో ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు పోయి, ఆ పనిని సెన్సర్ల సాయంతో చేసే ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. కొన్ని కంపెనీలు గడువుకు ముందే మార్చేశాయి కాబట్టి, 2020 మొదటి మూడు నెలల్లో రిజిస్టరైన బండ్లలో రెండు రకాలూ ఉన్నాయి. ఇక్కడ కంటితోనే తేల్చుకోవచ్చు: ట్యాంకు కింద పెట్రోలు ఆన్, రిజర్వు తిప్పే ట్యాపు ఉంటే సాధారణంగా కార్బురేటరు బండి, సైలెన్సర్ పైపుకు సెన్సరు వైరు వెళుతుంటే సాధారణంగా ఇంజెక్షన్ బండి.

ఇక ఛాసిస్ నంబరు సంగతి. చాలా బండ్లకు ఇది హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర, ఎక్కువగా కుడివైపు, ఇనుములో గుద్ది ఉంటుంది. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమవైపు తిప్పి, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో మన ఊరి ఎర్రదుమ్మునూ జిడ్డునూ తుడిచి, పలుచటి తెల్లకాగితం అద్ది మెత్తని పెన్సిలును అడ్డంగా రుద్దితే అక్షరాలు తెల్లగా తేలుతాయి. లోను కాగితాలకు, ఇన్సూరెన్సుకు తీసే ఛాసిస్ ప్రింట్ ఇదే పద్ధతి. ఉప్పుకాగితంతో గాని వైరు బ్రష్షుతో గాని ఎంతమాత్రం గీకకూడదు. నంబరు చుట్టూ గీతలు కనిపిస్తే రేపు ఆర్‌టీఓ ఆఫీసులో లేనిపోని అనుమానాలు వస్తాయి.

ఈ నంబరులో మొత్తం 17 స్థానాలు ఉంటాయి. మొదటి మూడూ ఎవరు తయారుచేశారో చెబుతాయి: ఎంబీఎల్ అంటే హీరో, ఎండీ2 అంటే బజాజ్, ఎండీ6 అంటే టీవీఎస్, ఎంఈ3 అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎంఈ4 అంటే హోండా. పదో స్థానం ఏడాదిది. 2001 నుంచి 2009 వరకు 1 నుంచి 9 అంకెలు, 2010కి ఏ, 2011కి బి, అలా సాగుతూ 2016కి జి, 2017కి హెచ్ వస్తాయి. ఐ అక్షరాన్ని వదిలేస్తారు కనుక 2018కి జె, 2020కి ఎల్, 2022కి ఎన్. ఓ కూడా లేదు కాబట్టి 2023కి పి. క్యూ లేదు కాబట్టి 2024కి ఆర్. ఐ, ఓ, క్యూ అక్షరాలు ఈ నంబరులో ఏ స్థానంలోనూ రావు. ఆర్‌సీలో ఓ అని కనిపించిందంటే అది సున్నాను తప్పుగా టైపు చేయడమే. బి అక్షరాన్నీ 8నీ, ఎస్‌నూ 5నూ, జి అక్షరాన్నీ 6నూ ఒకదానికొకటిగా చదవడం సులభం కనుక, పదో స్థానం దగ్గర పెన్సిల్ ముద్రను వెలుతురులో పెట్టి రెండోసారి చూడడం మంచిది.

ఏడాది తెలిసినంతమాత్రాన పని పూర్తికాదు, ఎందుకంటే కంపెనీలు భాగాలను జనవరి 1 వచ్చేదాకా ఆగి మార్చవు, ఏడాది మధ్యలోనే మారుస్తాయి. హీరో బండ్లలో పదో స్థానం తరువాత పదకొండోది ఫ్యాక్టరీని, పన్నెండోది నెలను చెబుతాయి: జనవరికి ఏ మొదలుకొని ఆగస్టుకు హెచ్, అక్కడ ఐ వదిలి సెప్టెంబరుకు జె, డిసెంబరుకు ఎం. నెల గుర్తు ఉండే స్థానం కంపెనీని బట్టి మారుతుంది కనుక, ఇతర బండ్ల విషయంలో మొత్తం ఛాసిస్ నంబరును డీలరు పార్ట్స్ కౌంటరులో ఇచ్చి క్యాటలాగులో వెతికించడమే మేలు. అమెరికా కోసం వేసిన క్యాటలాగులను నెట్‌లో చూసి ఆర్డరు పెట్టేవారు మరొకటి గమనించాలి: అక్కడి బండ్లకు ఆ పదో అక్షరం మోడల్ ఏడాదిని సూచిస్తుంది, బండి అంతకు ముందు ఏడాదే తయారై ఉండవచ్చు.

పిస్టను, రింగులు, క్లచ్ ప్లేట్లు వంటి ఇంజను భాగాలకు ఛాసిస్ నంబరు ఒక్కటే చాలదు. పదేళ్ళు దాటిన బండిలో ఇంజను మారి ఉండడం మన పల్లెల్లో మామూలే. ఇంజను కేసు మీద గుద్దిన నంబరు ఆర్‌సీలోని ఇంజను నంబరుతో కలవకపోతే, ఇంజను సామానుకు ఆ ఇంజను నంబరునూ, వైరింగు, బాడీ సామానుకు ఛాసిస్‌నూ ఆధారం చేసుకోవాలి.

1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్‌ఎక్స్ 100, మైసూరులో తయారైన ఎజ్డీ వంటి పాత బండ్లకు ఈ 17 స్థానాల నంబరు లేదు. అక్కడ భాగాల మీద ఉన్న తేదీలే దిక్కు. కొంచెం కొత్త బండ్లలోనూ సైడు ప్యానెల్ విప్పి లోపలివైపు చూస్తే, పోతపోసేటప్పుడు పడిన చిన్న గుండ్రటి ముద్ర కనిపిస్తుంది. చుట్టూ 1 నుంచి 12 వరకు అంకెలు, మధ్యలో ఏడాది, నెల వైపు చూపే బాణం. టైరు మీద 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. ఇవేవీ ఒంటరిగా రుజువు కావు, ఎందుకంటే ప్యానెల్, టైరు రెండూ మారేవే. అయితే మార్చని భాగాలు మూడు నాలుగింటి మీద దగ్గర దగ్గర తేదీలు ఉంటే, బండి వాటి తరువాత కొద్ది కాలానికే తయారైందని చెప్పవచ్చు.

చివరగా, పాత భాగాన్ని పారేయకుండా దాని మీద నంబరు మిగిలి ఉందేమో చూడాలి. హీరో, హోండా భాగాల నంబరులో మొదటి ఐదు అంకెలు అది ఏ భాగమో చెబుతాయి, ఉదాహరణకు 22870 అంటే క్లచ్ కేబుల్. మధ్యనున్న మూడు అక్షరాలు ఏ బండి కోసం దానిని మొదట రూపొందించారో చెబుతాయి. ఆ నంబరు చదవడానికి వీలుగా ఉంటే నేను దుకాణానికి ఏడాది చెప్పను. భాగం ఫొటో, ఛాసిస్ ముద్ర ఫొటో రెండూ పంపి, ఈ నంబరుకు బదులు కంపెనీ ఇప్పుడు ఇస్తున్న కొత్త నంబరు ఏదైనా ఉందా అని మాత్రమే అడుగుతాను.