ఆ పావుగంట లాగ్ ఎటు పోయింది - నా అనుభవం

మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. మావయ్యకి రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి, గట్టు మీద షెడ్డులో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి బ్యాటరీ మీద పెట్టి, నీళ్ళలో డీవో (కరిగి ఉన్న ఆక్సిజన్) చూస్తూ ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే ఫ్యాన్లు) ఆన్ చేసే ప్రోగ్రాం పైథాన్‌లో నేనే రాసిచ్చా. డీవో 4 పీపీఎం కిందకి జారితే ఆయన ఫోనుకి మెసేజ్ వెళ్తుంది.

మొదట్లో లాగ్ (ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టా) అంతా మెమరీ కార్డులోనే రాసేవాణ్ణి, అప్పటికింకా బ్యాటరీ కూడా పెట్టలేదు, కరెంటు పోయి వచ్చీ పోయి వచ్చీ రెండు కార్డులు పాడైపోయాయి. ఇలా కాదని లాగ్ ఇంట్లో కంప్యూటర్‌కి పంపేద్దామనుకున్నా. ఇక్కడ నేల బల్లపరుపు కదా, మా మేడెక్కితే గట్టు మీద షెడ్డు కనపడుతుంది, అటొక వైర్‌లెస్ డిష్ ఇటొకటి బిగిస్తే సరిపోయింది. పైథాన్ లాగింగ్‌లో లాగ్‌ని నెట్‌వర్క్ మీద పంపడానికి సాకెట్‌హ్యాండ్లర్ అని రెడీగా ఉంటుంది, మామూలుగా 9020 పోర్టు (కంప్యూటర్‌లోకి వచ్చే దారి నంబర్) వాడతారు, పంపే వైపు రెండు లైన్ల పని.

అందుకునే వైపే తిప్పలు. రిసీవ్ 1024 (ఒక్కసారికి 1024 బైట్ల దాకా చదువు) అని రాసి, వచ్చిందంతా ఒక మెసేజ్ అనుకున్నా. నా టేబుల్ మీద బానే నడిచింది, డిష్‌ల మీదకి ఎక్కించగానే సగం సగం ముక్కలు. టీసీపీ (నెట్‌వర్క్ మీద డేటా పంపే పద్ధతి) అంటే కాలవ నీళ్ళండీ, ఏ తూములోంచి వచ్చిన నీళ్ళు ఎక్కడిదాకా అని మధ్యలో గీత ఉండదు. అందుకే ప్రతి మెసేజ్ ముందు 4 బైట్లలో దాని పొడుగు వస్తుంది, ముందు సరిగ్గా ఆ 4 చదవాలి (ఒక్కోసారి 2 బైట్లే వస్తాయి, మిగతా రెండిటికీ ఆగాలి), తర్వాత అన్ని బైట్లూ నిండేదాకా చదవాలి. ఇంకోటి, అది పంపేది పికిల్ (పైథాన్ సొంత డేటా రూపం), దాన్ని అలాగే తెరిస్తే ఆ పోర్టుకి కనెక్ట్ అవ్వగలిగినవాడెవడైనా మన మిషన్‌లో వాడి కోడ్ నడిపించొచ్చు, నేను మార్చి జేసన్ (ఉత్త అక్షరాల రూపం) పెట్టా.

మూడు వారాలు హాయిగా గడిచింది. ఒకరోజు తెల్లవారుజామున మావయ్య వచ్చి తలుపు బాదాడు. "ఒరేయ్ అల్లుడూ, రెండో చెరువులో రొయ్య పైకి తేలిపోతుందంటరా, కాపలా కుర్రాడు చూసి ఫోన్ చేశాడు, ఫ్యాన్లు ఆగిపోయాయంట, నీ మిషను పడుకుందా ఏంటి?" జనరేటర్ వేసి చాలావరకు నిలబెట్టుకున్నాం. పొద్దున్న లాగ్ తెరిస్తే 2:41 తర్వాత 2:56, మధ్యలో ఏమీ లేదు. ఎర్రర్ కూడా లేదు.

ఆ రాత్రి ఇంట్లో కరెంటు పోయిందని తర్వాత తెలిసింది. ప్రోగ్రాం ఆగితే సాకెట్ (కనెక్షన్) మూసేస్తున్నానని అవతలివాడికి కబురెళ్తుంది, కరెంటు పోతే ఏ కబురూ వెళ్ళదు. షెడ్డులో రాస్‌ప్‌బెర్రీ పై మాత్రం పంపుతూనే ఉంది. సెండ్ అయిపోయింది అంటే అవతలికి అందిందని కాదు, మన కర్నెల్ బఫర్‌లో (పంపాల్సినవి ఆపరేటింగ్ సిస్టమ్ దాచుకునే చోటులో) పడిందని, అంతే. పై మీద నడిచే లైనక్స్ దాన్ని మామూలుగా 15 సార్లు, అంటే దాదాపు పావుగంట పాటు మళ్ళీ మళ్ళీ పంపి చూస్తుంది. ఈలోగా కరెంటొచ్చి కంప్యూటర్ లేచింది, పాత కనెక్షన్ దానికి గుర్తుండదు కాబట్టి రీసెట్ (ఈ కనెక్షన్ నాకు తెలీదనే జవాబు) కొట్టింది, బఫర్‌లో ఉన్నదంతా గాల్లో కలిసిపోయింది. హ్యాండ్లర్ నోరు మూసుకుని సాకెట్ మూసేసి మళ్ళీ కనెక్ట్ అయింది. ఒకవేళ కనెక్ట్ అవ్వకపోతే 1 సెకను, 2, 4 అలా 30 సెకన్ల దాకా ఆగి ఆగి ట్రై చేస్తుంది, ఆ మధ్యలో వచ్చినవన్నీ పారేస్తుంది. టెస్టింగ్‌లో నేనెప్పుడూ ప్రోగ్రాం కిల్ చేశానే గానీ ప్లగ్గు పీకలేదు, అదీ నేను చేసిన తెలివితక్కువ పని.

తర్వాత ప్రతి మెసేజ్‌కీ ఒక నంబర్ ఇచ్చి, ముందు షెడ్డులోనే పెన్‌డ్రైవ్ మీద ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో రాసి, ఇంటి నుంచి "నంబర్ 812 రాసుకున్నా" అని జవాబొస్తేనే చెరిపేలా మార్చా. పది సెకన్లు జవాబు లేకపోతే కనెక్షన్ తెంపి మళ్ళీ మొదలు. జవాబు దారిలో పోతే అదే మెసేజ్ రెండుసార్లొస్తుంది, నంబర్ చూసి రెండోది వదిలేస్తా. రాయడం పంపడం అన్నీ క్యూ పెట్టి వేరే థ్రెడ్‌లోకి (పక్కన విడిగా నడిచే పనిలోకి) తోసేశా, లేకపోతే బఫర్ నిండి సెండ్ ఆగినప్పుడు ఫ్యాన్లు చూసే లూప్ కూడా ఆగిపోతుంది.

నెల తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది, ఈసారి లైన్లన్నీ ఆలస్యంగానైనా వచ్చాయి. 3:07కి ప్రోగ్రాం లెక్కలో ఫ్యాన్లు ఆన్‌లోనే ఉన్నాయి, మోటార్ కరెంటు 0 యాంప్స్. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది, షెడ్డులో ప్రివెంటర్ (ఫేజు పోతే సప్లై ఆపేసే పరికరం) మోటార్లు కాలిపోకుండా ట్రిప్ చేసింది, మా ఇల్లూ ఆ ఫేజు మీదే ఉంది. అంటే మోటార్లు ఆగే క్షణానికే లాగ్ రాసుకునే కంప్యూటరూ, ఫోనుకి మెసేజ్ వెళ్ళాల్సిన ఇంటి ఇంటర్నెట్టూ కలిసే పోతున్నాయి!

ఇప్పుడు షెడ్డులోనే ఒక 4జీ డాంగిల్ పెట్టా, మోటార్ కరెంటు సున్నా అయితే అక్కణ్ణుంచే మెసేజ్. మావయ్య మాత్రం ఇంకా ఒంటిగంటకీ మూడింటికీ లేచి టార్చిలైటు పట్టుకుని గట్టు మీదకి వెళ్తూనే ఉన్నాడు.