అమెరికా టీవీకి హైదరాబాద్‌లో బొమ్మ రప్పించడం: నా అనుభవం

టీవీ పనిచేస్తుంది, అందులోని ట్యూనర్ (యాంటెనా లేదా కేబుల్ సిగ్నల్‌ను పట్టుకునే భాగం) పనిచేయదు. అమెరికా నుంచి టీవీ తెచ్చుకోవచ్చా అని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇదే. అందరూ ట్యూనర్ గురించే బెంగపడతారు గానీ, అసలు తంటా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కరెంటు, రెండోది 50 హెర్ట్జ్ బొమ్మ, అంటే సెకనుకు 50 సార్లు మారే మన బొమ్మ. నేను పని చేసింది కూడా ఆ వరసలోనే: మొదట కరెంటు, తర్వాత 50 హెర్ట్జ్, ఆఖరున ట్యూనర్.

టీవీ వెనక లేబుల్ చదవండి. "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ప్లగ్గు ఒక్కటి మారిస్తే చాలు. "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటే మన గోడ సాకెట్‌కు నేరుగా తగిలించకూడదు. 120 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే సుమారు 170 వోల్టులు వస్తుంది, మన 230 అయితే 325 దాకా పోతుంది. లోపల 200 వోల్టులకు చేసిన కెపాసిటర్ ఉంటే అది పేలిపోతుంది. మామూలు మల్టీ-పిన్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీ జోలికి పోదు. టీవీ కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. కరెంటులోని హెర్ట్జ్ తేడాకు మాత్రం భయపడక్కర్లేదు. టీవీ పవర్ సప్లై ఎలాగూ మొదటే డీసీ చేసేస్తుంది, 50 అయినా 60 అయినా దానికి ఒకటే.

120 వోల్టుల సెట్‌కు 230 నుంచి 110 చేసే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. టీవీ లేబుల్ మీద 150 వాట్లు ఉంటే 500 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు కొలత) ఉన్నది తీసుకోండి. టీవీ ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటుకు ఆ మిగులు ఉండాలి. ఇనుము, రాగితో చేసిన బరువైన ట్రాన్స్‌ఫార్మరే కొనండి. అరచేతిలో ఇమిడే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్ హెయిర్ డ్రయ్యర్ లాంటివాటికి చేసింది. అది కరెంటు అలను ముక్కలుగా కోసి పంపుతుంది, టీవీకి పనికిరాదు. 120 ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ వోల్టేజీ) కన్నా 110 ట్యాప్ ఉన్నది మేలు. రాత్రిపూట లైన్ 250కి ఎక్కితే 110 ట్యాప్ సుమారు 120 ఇస్తుంది, 120 ట్యాప్ అయితే 130 దాటుతుంది. టీవీ తగిలించే ముందు మల్టీమీటర్‌తో అవుట్‌పుట్ కొలవండి. ప్లగ్గుకు "110 మాత్రమే" అని చీటీ అంటించండి. ఇల్లు ఊడ్చేటప్పుడు పీకేసిన ప్లగ్గు మళ్లీ ఎందులోకి వెళ్తుందో చెప్పలేం. ట్రాన్స్‌ఫార్మర్ ఊరికే ఉన్నా వేడెక్కుతుంది, గుయ్‌మని మోత పెడుతుంది. గోడ స్విచ్చి దగ్గరే ఆపడం మంచిది.

ఇక 50 హెర్ట్జ్. దీన్ని టీవీ ఇంకా అమెరికాలో ఉండగానే, పెట్టెలో సర్దకముందే చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920 × 1080 పెట్టి, రిఫ్రెష్ రేటు జాబితా తెరవండి. అందులో 50 కనిపించి, ఎంచుకుంటే బొమ్మ వస్తే గట్టెక్కినట్టే. జాబితాలో 50 లేకపోతే, తాను ఏమేం తీసుకోగలదో టీవీ పంపే ఈడిఐడీ పట్టికలో అది లేదన్నమాట. 60 హెర్ట్జ్ దేశాలకు చేసిన సెట్ 50 తీసుకోవాలని హెచ్‌డీఎంఐ నియమం ఏమీ లేదు. ఒకే కంపెనీలో ఒక మోడల్ తీసుకుంటుంది, ఇంకోటి తీసుకోదు.

మన సెట్ టాప్ బాక్సులు మామూలుగా 576ఐ, 720పీ, 1080ఐ అనే బొమ్మ సైజులన్నీ 50 దగ్గరే ఇస్తాయి. 50 తీసుకోని టీవీ "ఫార్మాట్ సపోర్ట్ చేయదు" అని చూపిస్తుంది, లేదా నల్ల తెరే మిగులుతుంది. అప్పుడు బాక్సును పాత టీవీకి కలిపి, వీడియో అవుట్‌పుట్ మెనూలో 60 హెర్ట్జ్ ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ బాక్సుల్లో తరచూ ఉంటుంది, చౌక కేబుల్ బాక్సుల్లో అరుదు. లేకపోతే 50 నుంచి 60కి ఫ్రేమ్ రేటు మార్చే స్కేలర్ కొనాలి. పెట్టె మీద ఆ ముక్క స్పష్టంగా ఉంటేనే కొనండి. స్ప్లిటర్లు, రిపీటర్లు ఆ పని చేయవు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులతో తప్పించుకుందామంటే అక్కడ వచ్చేది మన దేశపు పాత రంగుల టీవీ పద్ధతి, పాల్ సిగ్నల్. అమెరికా పాత పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి చేసిన సెట్‌లో అది నలుపు-తెలుపుగా వస్తుంది, లేదా పైకీ కిందికీ దొర్లుతుంది.

మార్చినా కొంత లోటు మిగులుతుంది. సెకనుకు 50 బొమ్మల్ని 60 చేయాలంటే ప్రతి ఐదింటికీ ఒకటి రెండుసార్లు చూపించాలి, అంటే సెకనుకు పది తడబాట్లు. సీరియల్‌లో ముఖాలు మాట్లాడుకుంటుంటే తెలియదు. తెలుగు న్యూస్ ఛానెళ్లలో అడుగున పరిగెత్తే అక్షరాల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, క్రికెట్‌లో కెమెరా బంతి వెంట తిరిగేటప్పుడు కూడా. అందుకే టీవీ 50 తీసుకుంటే బాక్సును 50 దగ్గరే ఉంచాలని నా పట్టు.

ఆఖరున ట్యూనర్. యాంటెనా స్కాన్‌లో ఏమీ దొరకదు, ఎన్నిసార్లు చేసినా అంతే. అమెరికా డిజిటల్ ప్రసార పద్ధతి ఏటీఎస్‌సీ: 6 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఒకే క్యారియర్ (సిగ్నల్‌ను మోసే తరంగం) మీద 8-వీఎస్‌బీ పద్ధతిలో సెకనుకు 19.39 మెగాబిట్లు. మన దూరదర్శన్ ఎంచుకున్న డీవీబీ-టీ2 8 మెగాహెర్ట్జ్‌లో వేల సన్నటి క్యారియర్లను పక్కపక్కన పేరుస్తుంది. ఒక్కో సింబల్‌కు (ఒక్క విడతలో పంపే డేటా) ముందు కొంత విరామం వదులుతుంది కాబట్టి కొండకో భవనానికో తగిలి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని బొమ్మను చెడగొట్టదు. పక్కపక్క ఊళ్లలో ఒకే ఫ్రీక్వెన్సీ వాడుకోవచ్చు కూడా. సర్వీస్ మెనూలోకి (మెకానిక్‌ల కోసం దాచి ఉంచిన సెట్టింగ్స్) దూరి దేశం పేరు మారిస్తే ట్యూనర్ మారుతుందని చెప్పేవాళ్లున్నారు. లోపలి చిప్పుకు ఆ సిగ్నల్ విప్పడం రాకపోతే పేరు మార్చి లాభం లేదు, పైగా తప్పు విలువ పడితే టీవీ మళ్లీ లేవకపోవచ్చు. నేనైతే ముట్టుకోను.

టీవీలో "కేబుల్" అని ఇంకో స్కాన్ ఉంటుంది. మన కేబుల్ తీగ నేరుగా గుచ్చితే వస్తుందని ఆశ కలుగుతుంది. రెండు దేశాల కేబుల్‌లోనూ డేటా పంపేది క్వామ్ పద్ధతే, కానీ అందులో రెండు రకాలు: అమెరికాది అనెక్స్-బీ, మనది డీవీబీ-సీ, అంటే అనెక్స్-ఏ. ఛానెల్ వెడల్పూ, తప్పులు దిద్దే కోడూ వేరు. పైగా మన సిగ్నల్‌కు తాళం ఉంటుంది. 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖల్లో కేబుల్ డిజిటల్ అయినప్పటి నుంచి బాక్సు లేకుండా గడవదు. కాబట్టి ట్యూనర్‌ను మరిచిపోయి హెచ్‌డీఎంఐకి బాక్సు కలపడమే దారి. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడా 2022 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి, మేడ మీద యాంటెనాతో పని లేదు.

నెలనెలా డబ్బు కట్టడం వద్దనుకుంటే దూరదర్శన్ ఉచిత ఉపగ్రహ సర్వీసు డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఇక్కడ అమ్మే కొన్ని టీవీల్లో శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉంటుంది. అమెరికా సెట్‌లో ఉండదు కాబట్టి దీనికీ బాక్సు కావాలి. ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు. హైదరాబాద్ నుంచి దిక్సూచి మీద సుమారు 138 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. ఎత్తు, అంటే నేల మట్టం నుంచి పైకి కోణం, 63 డిగ్రీలు. మామూలు ఆఫ్‌సెట్ గొడుగు (డిష్) ముఖం చూస్తే అంత పైకి ఉన్నట్టు అనిపించదు, బ్రాకెట్ మీద అంకెనే నమ్మండి. గొడుగును నిలబెట్టిన గొట్టం నిట్టనిలువుగా లేకపోతే ఆ అంకె కూడా అబద్ధం చెబుతుంది, ముందు లెవెల్ పెట్టి చూడండి. బాక్సు మెనూలో ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే భాగం) రకం యూనివర్సల్, 9750/10600 అని పెట్టండి. గొడుగును కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగాలి, బాక్సు సిగ్నల్‌ను పట్టుకోడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. "స్ట్రెంగ్త్" గీత ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందగానే లేచి కూర్చుంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. "క్వాలిటీ" గీత కదలాలి. అది దొరికాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే అటూ ఇటూ తిప్పి ఇంకొంచెం పెంచి, అప్పుడు బోల్టులు బిగించండి. బిగించేటప్పుడు గొడుగు జరుగుతుంది, కాబట్టి ఒక కన్ను క్వాలిటీ మీదే ఉంచి, నాలుగు బోల్టులూ కొంచెం కొంచెంగా వంతులవారీగా తిప్పాలి.

దుబాయ్ నుంచి తెచ్చిన సెట్‌కు ఇవేవీ ఉండవు. అక్కడా 50 హెర్ట్జే, వోల్టేజీ మన లెక్కే, చదరపు మూడు పిన్నుల ప్లగ్గు మారిస్తే సరి. జపాన్ సెట్‌కు మాత్రం అమెరికా సెట్‌కు చేసినవన్నీ చేయాలి. లేబుల్ మీద 100 వోల్టులని మాత్రమే ఉంటే 110 ట్యాప్ కూడా దానికి ఎక్కువే, 100 ట్యాప్ ఉన్నది విడిగా చేయించుకోవాలి.