ఏ సంవత్సరం అంటే విశ్వావసు అన్నారు

"ఇది ఏ సంవత్సరం అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. మా అత్తయ్యగారు ఆయన్ని ఎగాదిగా చూసి, "విశ్వావసు" అన్నారు.

ఆ అబ్బాయికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఏమర్థమైందో గానీ కాగితం మీద సున్నా చుట్టేశాడు. "ఇప్పుడు ఏ కాలం నడుస్తోంది?" అన్నాడు. "ఇంకేం కాలం, కలికాలం" అన్నారావిడ. ఇంకో సున్నా. ఏ ఊళ్లో ఉన్నామంటే "మీ ఊళ్లో" అన్నారు. ఏ జిల్లా అంటే "తూర్పుగోదావరి" అన్నారు. దానికీ సున్నాయే. 2022 ఏప్రిల్‌లో మా కోనసీమ వేరే జిల్లా అయిందని ఆవిడకి ఎవరు చెప్పొచ్చారు? నేనే ఇప్పటికీ పాత జిల్లా పేరు రాసి కొట్టేస్తుంటాను. నాకు నవ్వు ఆగలేదు. మావారు బల్ల కింద నా కాలు తొక్కారు.

ఆ మతిమరుపు పరీక్ష 1975 నుంచీ ఉందట. మొత్తం 30 మార్కులు. అందులో 10 మార్కులు కేవలం ఎప్పుడు, ఎక్కడ అన్నవాటికే: సంవత్సరం, ఋతువు, నెల, తేదీ, వారం, ఆపైన రాష్ట్రం, జిల్లా, ఊరు, ఆసుపత్రి, అంతస్తు. జబ్బు పేరు మాకు అప్పటికే తెలుసు. ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవడానికి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటాక మావారు ఉన్నట్టుండి, "అవునే, 2025 ఉగాది నుంచి విశ్వావసే కదా! అమ్మ కరెక్టే చెప్పింది" అన్నారు. సొంత కొడుకు పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత సంబరపడలేదాయన.

మర్నాడు పొద్దున్న దేవుడి గది గుమ్మంలో కూచుని మందారాలకి తొడిమలు తీస్తున్నాను. లోపల అత్తయ్యగారు ఆచమనం చేసి సంకల్పం ఎత్తుకున్నారు. అద్యబ్రహ్మణః ద్వితీయపరార్ధే, శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే ప్రథమపాదే, జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణదిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్యప్రదేశే... ఎక్కడా తడబాటు లేదు. చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. ఇవన్నీ నిన్న డాక్టరుగారడిగిన ప్రశ్నలే! ఏ కాలం, ఏ ఊరు, నువ్వెవరు. ఆయన కాగితంలో ఋతువుంది, సంకల్పంలోనూ ఋతువుంది. కలికాలం అన్నదానికి సున్నా పడింది గానీ ఈ లెక్కన అదీ రైటే.

ముప్ఫై ఏళ్లుగా నేనూ సంకల్పం చెబుతున్నాను, సామర్లకోట స్టేషన్లో రైలు ప్రకటన చెప్పినట్టు. దేవుణ్ణి ఏదైనా అడిగే ముందు నేను ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానా దాన్ని నిలబడి ఉన్నానయ్యా అని చెప్పుకోవాలన్న సంగతి ఎప్పుడూ తట్టలేదు. కవరు మీద చిరునామా కింది నుంచి పైకి చదివినట్టు, బ్రహ్మగారి ఆయుర్దాయం దగ్గర మొదలై మన గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. (గంగా గోదావర్యోః అనాలా, కృష్ణా గోదావర్యోః అనాలా అని మా వైపు పురోహితుల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. అటు గౌతమి, ఇటు వసిష్ఠ మధ్యన ఉన్నవాళ్లం, ఏదన్నా మాకు రెండు పక్కలా గోదావరే.) ఇంట్లో బాత్రూం ఎటో తెలియక వరండాలో నిలబడిపోయే మనిషి, ఈ బ్రహ్మాండంలో తానెక్కడుందో పొల్లుపోకుండా చెబుతోంది.

అయితే ఒక చోట బండి ఆగుతుంది. రోజూ ఒకేలా ఉండే ముక్కలు వాటంతటవే దొర్లుకొస్తాయి. సంవత్సరం తెలుసనుకున్నా అయనం, మాసం, తిథి, వారం మారుతూ ఉంటాయి కదా, అక్కడికొచ్చేసరికి ఆవిడ నోరు తెరిచి అలా ఉండిపోతారు. నేను గుమ్మంలోంచి "దక్షిణాయనే" అంటాను. "ఆఁ, దక్షిణాయనే" అని అందుకుంటారు. నాటకంలో తెర వెనక నుంచి మాట అందించేవాళ్లుంటారే, అదీ ఇప్పుడు నా ఉద్యోగం. గోడ మీద క్యాలెండరు నేను ఇంత శ్రద్ధగా ఎన్నడూ చూళ్లేదు.

ఇక గోత్రం దగ్గర అసలు కథ. మా ఇంటి గోత్రం భారద్వాజస. ఆవిడ "కౌండిన్యస" అన్నారు, అంటే పుట్టింటి గోత్రం. "అత్తయ్యగారూ, భారద్వాజస" అన్నాను. "వాళ్లెవరో వాళ్ల గోత్రం మనకెందుకమ్మా?" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. విశ్వావసు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ఇంతకుముందుది 1965లో వచ్చింది. ఆవిడ పెళ్లి ఆ విశ్వావసు మాఘమాసంలో, అంటే 1966 మొదట్లో అయింది. ఆసుపత్రిలో ఆవిడ చెప్పింది మన విశ్వావసు కాదు, పాతది. అందులో ఇంకా పెళ్లే కాలేదు! డాక్టరుగారి సున్నా నిజమే, మావారి సంబరమూ నిజమే.

గోదావరికి వరదొచ్చినప్పుడు లంకల్ని చూడండి, ఒడ్డున ఉన్న చేను ముందు కోసుకుపోతుంది, నడిమధ్యన ఉన్న పాతచెట్లు ఆఖరున. ఈ జబ్బులో జ్ఞాపకం కూడా అలాగే, నిన్నటిది ముందు జారిపోతుంది. ఒడ్డున నాటిన మొక్కల్లాగ నేనూ నా పిల్లలూ ముందే కొట్టుకుపోయాం. నేను ఒకోరోజు పనమ్మాయిని, ఒకోరోజు పక్కింటి పిన్నిగారిని. మావారు మటుకు ఎప్పుడూ "ఎవరో ఆ అబ్బాయి, మంచివాడిలాగే ఉన్నాడు". అరవై దగ్గరపడుతుండగా అబ్బాయి అనిపించుకునే యోగం ఎంతమందికుంటుందని ఆయన మురిసిపోతారు.

టీవీలో వార్తలు చదివే అమ్మాయి వచ్చిందంటే కొంగు సర్దుకుని కూచుంటారు. "ఇందాకట్నుంచి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది, కాఫీ ఇవ్వరేం?" అని నా మీద కేక. ఓరోజు గ్లాసు తీసుకెళ్లి టీవీ ముందు పెట్టేశాను, గొడవ వదిలిపోతుందని. ఆ పిల్ల తాగలేదని మధ్యాహ్నం దాకా బెంగ. ఇంకోటి, మూతికి పనసపొట్టు కూర అంటుకుని ఉండగానే ఎదురింటావిడతో "నాలుగు రోజులైందమ్మా మెతుకు ముట్టి" అంటారు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు ఎదురింటావిడే "అయ్యో, అలాగాండి, ఏం కూర పెట్టలేదేంటండి?" అంటుంది నా వంక చూసి కన్నుగీటి.

ఇదంతా నవ్వులాట అనుకోకండి. రాత్రి రెండు గంటలకి గొళ్లెం తీసుకుని బయల్దేరతారు, పుట్టింటికి. మా వీధి చివర కాలవ. తలుపుకి దేవుడి గంట కట్టాం, అది మోగితే గుండె జారిపోతుంది. ఒకసారి ఒంట్లో ఓపిక లేక గట్టిగా అరిచేశాను. పెరట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, తప్పయిపోయిందండి అన్నాను. "ఏమైందమ్మా? దేనికి?" అన్నారు. అరిచిన సంగతి అప్పటికే లేదు. ఆవిడ మరుపు వల్ల ఒక్కోసారి నేను బతికిపోతున్నాను.

మావయ్యగారు పోయి పదకొండేళ్లు. "భోజనం వేళైంది, ఆయన రాలేదేం?" అని అడిగే రోజులూ ఉన్నాయి, అంటే ఆ రోజు పెళ్లయినట్టు లెక్క. మొదట్లో నిజం చెప్పేవాళ్లం. చెప్పిన ప్రతిసారీ ఆ కబురు ఆవిడకి కొత్తే, అప్పుడే విన్నట్టు కుప్పకూలిపోయేవారు. ఒకే రోజు మూడుసార్లు వైధవ్యం తెచ్చిపెట్టాం మనిషికి. నిజం అని చెప్పి మేం చేసినంత పాపం ఇంకోటి లేదనిపిస్తుంది ఇప్పుడు. "తోటలో కొబ్బరి దింపు ఉందండి, కాయ లెక్క చూసుకుని వస్తారు" అంటున్నాం. "ఎప్పుడూ ఆ కాయ లెక్కే" అని విసుక్కుని ముద్ద నోట్లో పెట్టుకుంటారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు బొంకవచ్చని శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పాడు కదా. ఆయన మాట పట్టుకోవడమా అంటారేమో, ఆయనకి చివరికి కన్ను పోయింది. పోతే పోనీండి, ఆవిడ అన్నం తింటున్నారు.

గోత్రం సంగతి మటుకు నన్ను పీకుతూనే ఉంది. మా ఊరి కేశవస్వామి గుడి అర్చకులుగారిని అడిగాను: రోజూ తప్పు గోత్రంతో సంకల్పం చెబుతున్నారు, పూజ చెల్లుతుందాండి అని. ఆయన కొబ్బరి చెక్కలు సర్దుకుంటూ, "స్వామికి రెండు గోత్రాలూ తెలుసులేమ్మా" అన్నారు. కాసేపాగి వరాహస్వామి భూదేవికిచ్చిన మాట చెప్పారు. వైష్ణవుల ఇళ్లలో దాన్ని వరాహ చరమశ్లోకం అంటారట.

స్థితే మనసి సుస్వస్థే శరీరే సతి యో నరః
ధాతుసామ్యే స్థితే స్మర్తా విశ్వరూపం చ మామజమ్
తతస్తం మ్రియమాణం తు కాష్ఠపాషాణసన్నిభమ్
అహం స్మరామి మద్భక్తం నయామి పరమాం గతిమ్

మనసూ ఒళ్లూ సవ్యంగా ఉన్న రోజుల్లో నన్ను తలచుకున్నవాడు, ఆఖర్న కట్టెలా రాయిలా పడి ఉంటే, అప్పుడు నేను వాణ్ణి తలచుకుంటాను, నేనే తీసుకెళతాను. ఇదీ ఆ మాట.

ఇన్నాళ్లూ స్మరణ అంటే మన పని అనుకున్నాను. కష్టంలో దేవుణ్ణి తలుచుకో, పోయేటప్పుడు నారాయణా అను అంటారే, మరి ఆ పేరు కూడా చెరిగిపోయినవాళ్ల గతి ఏమిటని లోపల ఒక భయం ఉండేది. ఇక్కడ చూస్తే "అహం స్మరామి" అన్నది స్వామి. బాకీ చేతులు మారిపోయింది. ఆవిడ కట్టాల్సింది ఎన్నడో కట్టేశారు, పదేళ్ల పిల్లప్పట్నుంచీ. ఇక లెక్క రాసుకోవాల్సింది ఆయన.

మర్నాడు సంకల్పం వింటుంటే ఇంకోటి తగిలింది. శ్వేతవరాహకల్పే! మనం బతుకుతున్న కల్పమే ఆ వరాహం పేరున ఉంది. ఆ మాట ఇచ్చినాయన పేరు అత్తయ్యగారు రోజూ పొద్దున్నే, తెలిసో తెలియకో, చిరునామాలో రెండో ముక్కగా చెబుతూనే ఉన్నారు. మా గోదావరి స్నానాల సంకల్పంలో ఆనకట్ట కట్టిన కాటన్ దొరని భగీరథుడంటూ తలచుకునే శ్లోకం ఒకటుంది, అందులోనూ "స్మరామి" అనే ఉంటుంది. నీళ్లిచ్చినందుకు పరాయి దేశం మనిషినే గుర్తుపెట్టుకున్న చోటు ఇది. స్వామి మటుకు మరిచిపోతాడా?

2025 నవంబరు 21, శుక్రవారం, పోలి పాడ్యమి. ముందురోజంతా వత్తులు చేశారు. ఇవేమిటని అడిగితే చెప్పలేరు. పత్తి చేతికిస్తే చాలు, వేళ్లకి ఇంత విభూతి అద్దుకుని, దూది సాగదీసి, అరచేతిలో ఒక్క తిప్పు, అన్నీ ఒకే పొడుగు, ఒకే లావు. నేను చేసినవి బొద్దింకల్లా ఉంటాయి. "ఎవరమ్మా నీకు నేర్పింది?" అన్నారు నావి చూసి. మీరేనండి అనబోయి ఊరుకున్నాను.

తెల్లవారుజామున మావారూ నేనూ చెరో రెక్కా పట్టుకుని కాలవ రేవుకి తీసుకెళ్లాం. పై మెట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూచోబెట్టాం. నీళ్ల మీద మంచు. అప్పటికే అరటి దొప్పల్లో దీపాలు వరసగా దిగువకి వెళుతున్నాయి. సంకల్పం మొదలుపెట్టారు. నేను అందించాను: హేమంతఋతౌ, మార్గశిరమాసే, శుక్లపక్షే, ప్రతిపత్తిథౌ, భృగువాసరే. గోత్రం దగ్గర కౌండిన్యస అన్నారు. నేను దిద్దలేదు.

పోలి కథ ఏటా ఆవిడే చెప్పేవారు ఆ మెట్ల మీద. అత్తగారు మిగిలిన కోడళ్లని వెంటేసుకుని నదికి పోతే, చిన్న కోడలు పోలి పెరట్లో పత్తి ఏరి, కవ్వానికంటిన వెన్నతో దీపం పెట్టి దాని మీద బుట్ట బోర్లించింది. విమానం వచ్చి బొందితో స్వర్గానికి తీసుకుపోతుంటే అత్తగారు ఆవిడ కాళ్లు పట్టుకు వేలాడి, కింద పడిపోయింది. నేను కాపరానికొచ్చిన కొత్తలో కాఫీ పొడి డబ్బాకి కూడా తాళం వేసేవారు అత్తయ్యగారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆవిడ నా వంక చూసేవారు కాదు, నేను ఆవిడ వంక చూసేదాన్ని కాదు.

ఈసారి "పోలి ఎవరు?" అన్నారు. అందుకని నేనే చెప్పాను. అత్తగారు జారి పడిపోయిందనగానే, "అయ్యో, పెద్దావిడ! ఆ పిల్ల చెయ్యందించి ఎక్కించుకోవలసింది" అన్నారు. 30 వత్తుల దీపం దొప్పలో పెట్టి ఆవిడ చేత్తోనే నీళ్లలో వదిలించాను. రేవు రాయికి తగిలి ఓసారి ఊగి, సర్దుకుని వెళ్లిపోయింది.

దాని వంకే చూస్తూ, గొంతు తగ్గించి, "పిన్నిగారూ, నాకు సంబంధాలు చూస్తున్నారు. మీ అత్తగారు మంచిదేనా?" అన్నారు.

"ఇప్పుడు మంచిదేనండి" అన్నాను.

"అయితే ఆవిడ పేరున కూడా ఓ దీపం వదలండి. ఏం పేరు?"

చెప్పాను.

కాసేపు ఆలోచించి, "ఎక్కడో విన్నట్టుందే" అన్నారు.