ఇంటి వర్క్‌షాపుకి పిల్లర్ డ్రిల్: ముందు అడగాల్సింది తక్కువ స్పీడు ఎంతని

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో షాపుకెళ్లి పిల్లర్ డ్రిల్ (నిలువు స్తంభానికి బిగించిన డ్రిల్లింగ్ మెషిన్) కావాలంటే, వాళ్లు మొదట అడిగేది "పదమూడు ఎంఎమ్మా, ఇరవయ్యా?" అని. అది మైల్డ్ స్టీలులో ఆ మెషిన్ వేయగలిగిన పెద్ద బెజ్జం సైజు. దాన్ని బట్టే ధర చెబుతారు, చాలామంది దాన్ని బట్టే కొనేస్తారు. మీరు మాత్రం ఎదురు ప్రశ్న వేయండి: "దీని అన్నిటికన్నా తక్కువ స్పీడు ఎంత?" ఇంటి పనికి మెషిన్ పనికొస్తుందో లేదో ఆ జవాబులోనే చాలావరకు తేలిపోతుంది.

లెక్క ఇలా ఉంటుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టుతో మైల్డ్ స్టీలు కోసేటప్పుడు బిట్టు అంచు నిమిషానికి సుమారు 25 మీటర్లు తిరగాలి. కాబట్టి 8000ని బిట్టు సైజుతో భాగిస్తే కావలసిన ఆర్‌పీఎం వస్తుంది. 6 ఎంఎం బిట్టుకి 1300, 10కి 800, 20కి 400. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఇందులో సగం కూడా వద్దు. 10 ఎంఎం బిట్టు 350–400 దగ్గర తిరగాలి. అంతకన్నా వేగంగా తిప్పితే ముందు బిట్టు బయటి మూలలు నీలం తిరిగి మొద్దుబారతాయి. ఆ మొద్దు బిట్టుని నొక్కేకొద్దీ రాపిడికి స్టెయిన్‌లెస్ పైపొర గట్టిపడిపోతుంది, ఇక కొత్త బిట్టు పెట్టినా దిగడం కష్టమే. 50 ఎంఎం హోల్‌సా (గుండ్రంగా కోసే రంపపు బిట్టు) అయితే ఇనుములో 160 దగ్గర తిరగాలి. చెక్కకీ అల్యూమినియానికీ వేగం ఎక్కువే కావాలి, అది ఏ మెషిన్‌లోనైనా దొరుకుతుంది. కొరతంతా కింది వైపే.

క్యాటలాగ్‌ను నమ్మక్కర్లేదు, బెల్ట్ మూత తీసి టేపుతో కొలవండి. మోటార్ పుల్లీలో చిన్న మెట్టు 50 ఎంఎం, స్పిండిల్ (బిట్టుని తిప్పే ఇరుసు) పుల్లీలో పెద్ద మెట్టు 150 ఎంఎం అనుకుందాం. 1440 ఆర్‌పీఎం మోటార్‌తో స్పిండిల్ 480 తిరుగుతుంది. రెండు పుల్లీల మెషిన్ అంతకు బాగా కిందకి రావడం కష్టం. మధ్యలో మూడో పుల్లీ ఉన్నదైతే ఇంకోసారి తగ్గి 200 దగ్గరకి వస్తుంది. 20 ఎంఎం అని పేరు రాసి, 480 కిందకి దిగని మెషిన్ కన్నా, 13 ఎంఎం అయినా మూడు పుల్లీలున్నదే నేను ఎంచుకుంటాను.

మోటార్‌కి 1 హెచ్‌పీ చాలు, సింగిల్ ఫేజ్‌లో తీసుకోండి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ మెషిన్లు ఎక్కువగా త్రీ ఫేజ్‌వి. ఇంట్లో వాటిని వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ కరెంటుని త్రీ ఫేజ్‌గా మార్చి, మోటార్ వేగాన్ని కూడా మార్చే పరికరం) పెట్టి నడపొచ్చు, కానీ 230 వోల్టుల వీఎఫ్‌డీకి మోటార్ వైండింగ్ కొసలను డెల్టాలో (త్రిభుజంలా) కలపాలి. కొనే ముందు టెర్మినల్ బాక్స్ తెరిచి చూడండి. ఆరు కొసలు బయటికొస్తే సరే. మూడే ఉంటే స్టార్ జాయింట్ (మిగిలిన మూడు కొసలు ఒకటిగా కలిసే చోటు) వైండింగ్ లోపలే ఉందన్నమాట, వైండింగ్ షాపులో విప్పించాల్సిందే. వీఎఫ్‌డీ ఉంది కదా అని పుల్లీ మార్చకుండా వేగం బాగా తగ్గించడం కూడా మంచిది కాదు. పుల్లీతో తగ్గిస్తే స్పిండిల్‌కి బలం పెరుగుతుంది, వీఎఫ్‌డీతో తగ్గిస్తే పెరగదు. పైగా ఫ్యాన్ నెమ్మదించి మోటార్ వేడెక్కుతుంది.

స్విచ్ సంగతి చిన్నదే కానీ వదలకండి. కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడు మెషిన్ దానంతటదే తిరగకూడదు. నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ పెట్టించండి. ఎమర్జెన్సీ స్టాప్ చేతికందే ఎత్తులో ముందువైపు ఉండాలి.

ఇక షాపులో చేయాల్సిన పరీక్షలు. క్విల్‌ని (హ్యాండిల్ తిప్పితే స్పిండిల్‌తో పాటు కిందకి దిగే గొట్టం) పూర్తిగా కిందకి దించి, చక్ (బిట్టుని పట్టే భాగం) పట్టుకుని ముందుకీ పక్కలకీ ఊపండి. టకటకమని చేతికి తెలిస్తే ఆ మెషిన్ వదిలేయండి, హౌసింగ్ అరిగిందో వదులుగా బోర్ చేశారో అయ్యుంటుంది, బేరింగ్ మార్చినంత మాత్రాన పోదు. తర్వాత మాగ్నెటిక్ స్టాండ్‌తో డయల్ గేజ్ (సన్నటి తేడాని ముల్లుతో కొలిచే పరికరం) టేబుల్ మీద పెట్టి, చక్ తీసేసి, స్పిండిల్ టేపర్ (చక్ దూరే, పోనుపోను సన్నబడే రంధ్రం) లోపలి గోడకి ముల్లు ఆనించి చేత్తో తిప్పండి. 0.03 ఎంఎం లోపు ఉంటే మంచి స్పిండిల్. చక్‌లో నేరైన రాడ్ బిగించి మళ్లీ చూడండి. టేపర్ బాగుండి రాడ్ 0.15 కొడితే తప్పు చక్‌ది, దాన్ని మార్చుకోవచ్చు. టేపర్ దగ్గరే తేడా ఉంటే ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు.

టేబుల్ ఎంత గట్టిదో చూడ్డానికి డయల్ స్టాండ్‌ను బేస్ మీదికి మార్చి, ముల్లుని టేబుల్ ముందు అంచుకి కింది నుంచి ఆనించండి. టేబుల్ మీద చెక్క ముక్క పెట్టి, స్విచ్ ఆపే ఉంచి, క్విల్‌తో బలంగా నొక్కండి. టేబుల్ ఎంత వంగుతోందో కనబడుతుంది. అంత మేరా బెజ్జం ఏటవాలుగా వస్తుంది. కాలమ్ (నిలువు స్తంభం) వ్యాసం 70 ఎంఎంకి తగ్గకూడదు. టేబుల్ ఎత్తడానికి ర్యాక్ (పళ్ల పట్టీ), హ్యాండిల్ ఉండి తీరాలి. అది లేని మెషిన్‌లో అంత పోత ఇనుప టేబుల్‌ని ప్రతిసారీ చేతులతో మోయాలి. గుండ్రటి కాలమ్ కాబట్టి టేబుల్ కదిపితే సెంటర్ తప్పుతుంది. ఒకే బెజ్జానికి పైలట్ బిట్టు (ముందు దారి వేసే చిన్న బిట్టు), పెద్ద బిట్టు రెండూ వాడేటట్టయితే, టేబుల్ కదపకుండా రెండూ మార్చుకునేంత క్విల్ ప్రయాణం కావాలి. 100 ఎంఎం ఉంటే హాయి, 60తో ఇబ్బంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. అక్కడ 17 అంగుళాల డ్రిల్ ప్రెస్ అంటే కాలమ్ నుంచి స్పిండిల్ సెంటర్‌కి ఎనిమిదిన్నర అంగుళాలే. ఆ దూరానికి రెట్టింపు రాయడం అక్కడి లెక్క.

నేల మీద నిలబడే మెషిన్ కొంటేనే బలమెక్కువ అనుకోకండి. చాలా మోడళ్లలో తల ఒకటే, కాలమ్ పొడవు మాత్రమే తేడా. పొడవాటి గేటు పైపుకి చివర బెజ్జం వేయాలన్నా, కుర్చీ కాళ్ల తలలో డోవెల్ (చెక్క మేకు) బెజ్జాలు వేయాలన్నా ఆ ఎత్తు కావాలి. ఆ అవసరం లేకపోతే బెంచ్ డ్రిల్‌ తీసుకుని, మిగిలిన డబ్బు మంచి చక్‌కీ వైస్‌కీ పెట్టండి.

స్పిండిల్ ఎంటీ2 (మోర్స్ టేపర్ 2వ నంబరు) టేపర్ అయితే 23 ఎంఎం దాకా టేపర్ షాంక్ బిట్లు చక్ లేకుండా నేరుగా ఎక్కుతాయి. చక్ ఊడి పడిపోతోందంటే సాధారణంగా టేపర్ మీద నూనె గానీ రజను గానీ ఉన్నట్టే. రెండువైపులా థిన్నర్‌తో తుడిచి ఆరబెట్టి, చక్ దవడలు పూర్తిగా లోపలికి తిప్పి, చెక్క సుత్తితో కింద నుంచి ఒకటి రెండు దెబ్బలు వేయండి. ఇనుప సుత్తి తగలనివ్వొద్దు. డ్రిల్‌లో మిల్లింగ్ కట్టర్ పెట్టి పక్కకి తోయడం అసలు వద్దు. ఈ టేపర్ పక్క బలానికి నిలవదు, కట్టర్‌తో సహా చక్ చేతి మీదికి దూకుతుంది.

పిల్లర్ డ్రిల్‌కి బరువంతా తల దగ్గరే, అందుకే బేస్‌ని కాంక్రీటుకి 12 ఎంఎం యాంకర్ బోల్టులతో బిగించాలి. టైల్స్ వేసిన అపార్టుమెంట్ గదైతే 18 ఎంఎం ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, బేస్ కన్నా నాలుగువైపులా 150 ఎంఎం ఎక్కువ ఉండేలా కోసి, దానికి బోల్టులు వేయండి.

వైస్‌ను చేత్తో పట్టుకోకండి, టేబుల్‌కి బోల్టు చేయండి. ప్రమాదం బిట్టు దిగేటప్పుడు కాదు, అవతలికి పొడుచుకొచ్చే క్షణంలో. అప్పుడు బిట్టు అంచులు మిగిలిన పల్చటి లోహాన్ని పట్టుకుని, బెజ్జం వేస్తున్న ముక్కని గిర్రున తిప్పేస్తాయి. రేకులకి ఇది మరీ ఎక్కువ. రేకుని చెక్క మీద పెట్టి రెండుచోట్ల క్లాంప్ వేసి, మామూలు బిట్టుకి బదులు స్టెప్ డ్రిల్ (మెట్లుమెట్లుగా ఉండే బిట్టు) వాడండి. చివరి మిల్లీమీటరులో హ్యాండిల్ మీద బరువు తగ్గించండి. చేతికి గ్లోవ్స్ వద్దు, కంటికి అద్దాలు కావాలి. చున్నీ, లుంగీ, పొడుగు చేతుల చొక్కాతో మెషిన్ దగ్గరికి వెళ్లకండి.