మా వాడు ఆటలో కలవడానికి 7 నెలలు పట్టింది: నా అనుభవం

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో మా వాడు ముగ్గురు పిల్లలతో కలిసి 20 నిమిషాలు ఆడాడు. వాడికి 11 ఏళ్లు, ఆటిజం ఉంది. ఆ సంతోషం చల్లారకముందే రాస్తున్నాను, ఇంకో తల్లికి పనికొస్తుందని.

వైకల్య సర్టిఫికెట్ పని తేలిగ్గానే అయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. మీసేవలో స్లాట్ తీసుకుని, వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి నిర్ధారించే సదరం క్యాంపుకి వెళ్లాం. సికింద్రాబాద్ జాతీయ సంస్థలో తయారైన 40 అంశాల ఐఎస్ఏఏ స్కేలుతో (ఆటిజం ఎంత ఉందో కొలిచే పద్ధతి) పరీక్షించారు. కొన్నాళ్లకు కార్డు వచ్చింది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు గుండె వేగం పెరిగేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వైకల్యం ఉన్న పిల్లలకూ అదే లెక్క. మా వాడు సైకిల్ మీద ఆ గంట పూర్తి చేసేస్తాడు. కానీ ఒంటరిగా ఎంత తొక్కినా పక్కవాడితో పని పడదు. అందుకే ఫుట్‌బాల్ కోచింగ్‌లో చేర్చాను. అక్కడే దెబ్బతిన్నాం.

24 మంది పిల్లలకు ఒక్క కోచ్. రౌండ్లు కొట్టడం వరకు మా వాడికి ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత లైన్లో నిలబడి వంతు రాగానే కోన్ల మధ్య బంతి తీసుకెళ్లాలి. ఆయన విజిల్ ఒకసారి ‘మొదలెట్టు’, ఇంకోసారి ‘ఆగు’, మరోసారి ‘ఇటు రా’. మామూలు పిల్లలు కోచ్ మొహం చూసి తేడా పట్టేస్తారు. మా వాడు ఆ చప్పుడుకు చెవులు మూసుకుని కూర్చుండిపోయేవాడు. లైన్లో నాలుగైదు నిమిషాల నిరీక్షణ, తన చోటు ఎక్కడో గుర్తు లేదు, ఐదు పనులు ఒకే వాక్యంలో చెప్పడం. నేను అడిగినవి మూడే: విజిల్ బదులు చెయ్యెత్తడం, నిలబడే చోట రంగు ప్లేటు పెట్టడం, చెప్పే పని ముందు ఒకసారి చేసి చూపించడం. బొమ్మల కార్డు కూడా నేనే చేసిచ్చాను. ‘ఇదేమన్నా స్కూలా మేడమ్?’ అని వెనక్కిచ్చేశాడు. తొమ్మిదో రోజు తల్లిదండ్రులందరి ముందు, ‘మీ బాబు వల్ల మిగతావాళ్లు డిస్టర్బ్ అవుతున్నారు, రేపట్నుంచి వద్దు’ అన్నాడు. వాడు నా పక్కనే ఉన్నాడు, అంతా విన్నాడు. మూడు నెలల ఫీజులో రూపాయి వెనక్కి రాలేదు. అందుకే చెబుతున్నా, వారం చూడకుండా ఎక్కడా ముందుగా కట్టకండి. ఒక్కొక్కరికీ ఎంతసేపు నేర్పుతారో వాచీ పెట్టుకుని చూడండి. ఆటల్లో అందరికీ చోటు కల్పించమని ఆ 2016 చట్టం 30వ సెక్షన్ ప్రభుత్వానికి చెబుతోంది. మైదానంలో ఉన్నవాళ్లకు ఆ మాట చేరేదాకా అడుగుతూనే ఉంటాను.

తర్వాత ఇంటి దగ్గరే మొదలుపెట్టాను, తొక్కుడుబిళ్లతో. గడులు కంటికి కనిపిస్తాయి, ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో తెలుస్తుంది. మొదట ఒక్క జతగాడే, మా కింది ఫ్లోర్ బాబు. ఎవరి వంతో తెలియడానికి అట్టముక్క మీద ఇద్దరి ఫొటోలు అంటించి, బట్టల క్లిప్పు ఒకటి మారుస్తూ వచ్చాం. క్లిప్పు తన ఫొటో మీదకి వచ్చేదాకా ఆగడం 3 వారాల్లో వచ్చింది.

తర్వాత పట్టుకోవడం. బంతితో మొదలెట్టకండి. బుడగ నెమ్మదిగా దిగుతుంది, కన్నూ చెయ్యీ కలవడానికి టైమిస్తుంది. ఆపైన కాస్త గాలి తీసిన పెద్ద ప్లాస్టిక్ బంతి, మీటరున్నర దూరం, ఇద్దరికీ నేల మీద సుద్దతో పాదాల గుర్తులు. విసిరే ముందు పేరు పిలవాలి. మేము ఒక రోజు మర్చిపోతే మొహానికి తగిలింది, పది రోజులు బంతి ముట్టలేదు.

అసలు మలుపు దుప్పటి ఆట. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని మధ్యలో బంతి ఎగరేస్తారు. ఒక్కరు వదిలితే బంతి కింద. పక్కవాడు అవసరమయ్యే ఆట అంటే ఇదీ. ఒక మూల వదులైతే బంతి అటు జారుతుంది. నాలుగో వారంలో మా వాడు ఆ మూలలో ఉన్న పిల్లాణ్ని పేరు పెట్టి ‘లాగు’ అన్నాడు. తన ఈడు పిల్లాణ్ని వాడు పేరుతో పిలవడం అదే మొదటిసారి.

జత పిల్లలకు మూడే చెప్పాను: పేరు పిలువు, మనసులో 5 లెక్కపెట్టేదాకా ఆగు, చెయ్యి పట్టి లాగకు. ‘పాపం, సాయం చెయ్యి’ అని మాత్రం అనకండి, అలా అంటే వాళ్లు ఆటగాళ్లుగా ఉండరు. మొదట 8 నిమిషాలే. మా వాడు చెవి లాగుకోవడం, సన్నగా కూనిరాగం తీయడం మొదలెడితే అప్పుడే ‘అయిపోయింది’ కార్డు చూపించి ఆపేయాలి, ఏడుపు వచ్చేదాకా ఆగకూడదు. గట్టిగా చప్పట్లు కొట్టకండి.

స్పెషల్ ఒలింపిక్స్ గురించి చాలామంది అడుగుతున్నారు. అది మేధో వైకల్యం ఉన్నవాళ్లకు జరిపే ఆటల పోటీ. ఆటిజం ఒక్కటే ఉంటే సరిపోదు, ముందే కనుక్కోండి.

ఇప్పుడు ఏడుపెంకులాట దగ్గరున్నాం. బంతి ఒంటికి తగలడం వాడికి ఇంకా పడదు, అందుకని పాత సాక్సులో గుడ్డపేలికలు కుక్కి బంతి చేశాను. పెంకులు పేర్చే పని వాడిది. ఒకదాని మీద ఒకటి ఏ మాత్రం పక్కకు జరక్కుండా పేరుస్తాడు, అందుకే తమ జట్టులోకి రమ్మని పిల్లలే పిలుస్తున్నారు.